షిఫ్టుల ఊళ్లో చిన్న తరగతుల చదువు

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం, ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు ఏడాదిలో కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని నిర్దేశించింది. ఏడాదికి ఉన్నవి 8,760 గంటలు. ఏడెనిమిదేళ్ల పిల్లవాడు రోజుకు పది గంటలు నిద్రపోతాడనుకున్నా, మెలకువగా ఉండే కాలం అయిదు వేల గంటలకు పైమాటే కనుక, చట్టం లెక్కవేసిన బడి కాలం అందులో ఆరో వంతుకు కూడా చేరదు. ఆచరణలో బడులు అంతకన్నా ఎక్కువ గంటలు నడుస్తాయన్నది నిజమే అయినా, పిల్లవాడి మెలకువలో పెద్ద భాగం ఇంటిదీ వీధిదీ అన్న మాట మారదు. ప్రాథమిక విద్యలో ఇంటి పాత్రను గురించి మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులు బడి పనిని ఎంతవరకు పంచుకోవాలన్న ప్రశ్నే సాధారణంగా ముందుకు వస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది, బడి చేయలేనిది ఇల్లు ఏం చేయగలదన్న ప్రశ్న.

విశాఖపట్నంలో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకత ఉంది. 1933లో రేవు ప్రారంభమైన తరువాత, 1941లో పునాది పడిన సింధియా నౌకానిర్మాణ కేంద్రం, 1957లో మొదలై ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉన్న చమురుశుద్ధి కర్మాగారం, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఒకదాని వెంట ఒకటి వచ్చి, ఈ ఊరి కుటుంబ జీవితాన్ని గడియారానికి కట్టేశాయి. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు ఎ షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది వరకు బి షిఫ్టు, పది నుంచి మళ్లీ తెల్లవారి ఆరు వరకు సి షిఫ్టు అన్న లెక్క గాజువాక, మల్కాపురం, కూర్మన్నపాలెం ఇళ్లలో పిల్లలకు సైతం తెలుసు. దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలికి, అచ్యుతాపురం దుస్తుల కర్మాగారాలకు కంపెనీ బస్సుల్లో వెళ్లే తల్లులు, రోజులతరబడి సముద్రం మీద ఉండే మరపడవల కళాసీలు, నౌకాదళంలోనూ వాణిజ్య నౌకల్లోనూ నెలలపాటు ఇంటికి దూరంగా ఉండే తండ్రులు కూడా ఈ ఊరివారే. సాయంత్రం ఆరింటికి తండ్రి ఇంటికి వచ్చి, ఏడింటికి పిల్లవాడి పుస్తకం తెరిచి కూర్చుంటాడన్న ఊహ మీద రాసిన సలహాలు ఇక్కడి చాలా ఇళ్లకు అతకవు.

ఇల్లు చేయలేని పనిని డబ్బిచ్చి చేయించుకునే మార్గంగా ట్యూషన్ ఎదిగింది. ఒకటో తరగతి పిల్లవాడు బడి విడవగానే మరో గదికి వెళ్లి, బడిలో రాసిన పాఠాన్నే మళ్లీ రాసి, ఎనిమిదింటికి ఇంటికి చేరడం నగరంలోని చాలా కాలనీల్లో సాధారణ దృశ్యం. అక్కడ ఎక్కువగా జరిగేది హోంవర్కు పూర్తి చేయించడమే. అయితే ఆ హోంవర్కే ఉండకూడదని కేంద్ర విద్యాశాఖ 2020లో ప్రకటించిన బడిసంచి విధానం చెబుతోంది: రెండో తరగతి వరకు ఇంటిపని అసలు ఇవ్వరాదు, మూడు నుంచి అయిదు తరగతులకు వారానికి రెండు గంటలు మించరాదు, సంచి బరువు పిల్లవాడి బరువులో పదో వంతును దాటరాదు. ఈ విధానం ఉందన్న సంగతి తెలిసిన తల్లిదండ్రులు తక్కువ. తెలిసినా బడిని అడిగేవారు మరీ తక్కువ. పైగా హోంవర్కు ఇవ్వని బడి మంచి బడి కాదన్న నమ్మకం తల్లిదండ్రుల్లోనే బలంగా ఉండడం వల్ల, బడులు కూడా వారిని సంతృప్తిపరచడానికే పేజీలు నింపిస్తున్నాయి.

ఫీజు పెరిగితే చదువు పెరుగుతుందన్న నమ్మకాన్ని సైతం కొంత పరీక్షించి చూడవలసి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకుడు వెంకటేశ్ సుందరరామన్ కలిసి, లాటరీ పద్ధతిలో ఎంపికైన పిల్లలకు ప్రైవేటు బడిలో చదివేందుకు రుసుము చెల్లించి, నాలుగేళ్ల తరువాత వారిని ప్రభుత్వ బడుల్లో మిగిలిన పిల్లలతో పోల్చారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం తెలుగులోనూ గణితంలోనూ ఇరువర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ప్రభుత్వ బడుల్లో చాలావరకు లేని హిందీలో మాత్రం ప్రైవేటు బడి పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకు, గణితానికి తక్కువ సమయం కేటాయించి, తక్కువ ఖర్చుతో అదే ఫలితం సాధించాయన్నది వాటికి దక్కవలసిన మెప్పు. అయినా, బడి మార్చినంత మాత్రాన పిల్లవాడి తెలుగు, లెక్కలు మారవన్నది ఆ అధ్యయనం నుంచి తల్లిదండ్రులు గ్రహించవలసిన సంగతి.

ఇదే ప్రాంతంలో జరిగిన మరో అధ్యయనం ఇంటికీ బడికీ ఉన్న లంకెను ఇంకోవైపు నుంచి చూపింది. పుస్తకాలు, పలకల వంటి సామగ్రి కోసం బడులకు అదనపు నిధులు ఇచ్చినప్పుడు, మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి కాని రెండో ఏడాది పెరగలేదు. నిధులు వస్తాయని ముందే తెలిసిన కుటుంబాలు ఆ మేరకు తమ ఖర్చును తగ్గించుకోవడమే అందుకు కారణమని 2013లో ప్రచురితమైన ఆ పరిశోధన తేల్చింది. బడి ఏది ఇస్తుందో చూసుకుని ఇల్లు తన వంతును సవరించుకుంటుంది. డబ్బు విషయంలో ఇది సహజమే. సమయం, శ్రద్ధల విషయంలో కూడా అలాగే జరిగితే, ఖరీదైన బడి దొరికిన ఇల్లు నిశ్చింతగా తప్పుకుంటుంది.

ఇల్లు చేయగల పనుల్లో మొదటిది చదివించుకుని వినడం. తెలుగు లిపిని నేర్చుకోవడంలో పిల్లలు ఎదుర్కొనే కష్టం ఎంతటిదో, దానిని ఎన్నడో దాటి వచ్చిన పెద్దలకు గుర్తుండదు. ఇంగ్లిషుకు 26 అక్షరాలు చాలు; తెలుగులో అచ్చులు, హల్లులు, ఒక్కో హల్లుకు అచ్చు గుర్తులు చేరగా వచ్చే గుణింతాలు, ఒక హల్లు కింద మరో హల్లు చేరే ఒత్తులు అన్నీ కలిస్తే పిల్లవాడి కంటికి ఎదురయ్యే రూపాలు వందల్లో ఉంటాయి. పైగా త, న, మ, య, ర, ల వంటి హల్లుల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు; ప, వ, మ, ష, స వంటివేమో ఒకదానిని పోలి మరొకటి ఉంటాయి. సోదర లిపి అయిన కన్నడంలో పిల్లలు చదవడం నేర్చే తీరును పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త సోనాలీ నాగ్, ఇలాంటి లిపులపై పట్టు చిక్కడం ఒకటి, రెండు తరగతులతో ముగియదని, పై తరగతుల దాకా సాగుతుందని 2007లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. రెండో తరగతిలో ఒత్తుల దగ్గర తడబడే పిల్లవాడు మందమతి కాడు. లిపి కోరే కాలం ఇంకా పూర్తికాలేదని మాత్రమే దాని అర్థం.

ఈ దశలో పిల్లవాడికి కావలసింది ధారాళత, అంటే అక్షరం అక్షరం కూడబలుక్కోకుండా మాటను మాటగా గుర్తుపట్టి, అర్థం తెలిసేంత వేగంతో చదవగలగడం. మనసు ఒకేసారి మోయగల బరువు పరిమితం కనుక, దాని శక్తి అంతా ఒత్తులు విప్పడానికే ఖర్చయితే, వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏముందో మరుగున పడుతుంది. 2021 జూలై 5న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని, 9,999 వరకు సంఖ్యలు గుర్తించాలని, దీనిని 2026–27 నాటికి సాధించాలని లక్ష్యం పెట్టుకుంది. తెలుగులో విభక్తి మాటకే అతుక్కుంటుంది, క్రియలోనే కర్త తెలుస్తుంది. ఇంగ్లిషులో మూడు మాటలకు పట్టే సంగతి తెలుగులో ఒక్క మాటలో ఇముడుతుంది కనుక 60 అన్న సంఖ్యను అన్ని భాషలకూ ఒకేలా వర్తింపజేయడం సరికాదు. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2022లో జరిపిన అధ్యయనంలో భాషల వారీగా వేర్వేరు ప్రమాణాలు ఖరారు చేయడానికి కారణం ఇదే. ఇంట్లో గడియారం పట్టుకుని మాటలు లెక్కపెట్టవలసిన పని లేదని చెప్పడానికే ఈ వివరమంతా.

చేయవలసినది చాలా చిన్న పని. పిల్లవాడు రోజూ ఒక పేజీ పైకి చదువుతుంటే పక్కన కూర్చుని వినాలి. ఆగిన చోట వెంటనే మాట అందించకుండా కొద్దిసేపు ఓపిక పట్టాలి. అప్పటికీ రాకపోతే చెప్పి, ఆ వాక్యాన్ని మొదటి నుంచి చదివించాలి. నిన్నటి పేజీనే ఇవాళ మళ్లీ చదువుతానంటే చదవనివ్వాలి. ఒకే పాఠాన్ని పలుమార్లు చదవడం వల్ల వేగం పెరుగుతుందని, ఆ వేగం చదవని పాఠాలకు కూడా కొంత సంక్రమిస్తుందని చదువరితనంపై జరిగిన పరిశోధనలు ఎప్పుడో నిరూపించాయి. తప్పు చదివిన మాటను పదిసార్లు రాయించడం వల్ల మాత్రం చేయి నొప్పి తప్ప ఒరిగేది తక్కువ.

చదివాక మాట్లాడడం రెండో మెట్టు. అమెరికన్ మనస్తత్వవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు 1988లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కథ చదివి వినిపించే తల్లిదండ్రుల్లో కొందరికి చదువుతూనే మధ్యలో పిల్లవాడిని మాట్లాడించే పద్ధతి నేర్పారు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు కాకుండా, తరవాత ఏటవుతాదంటావు, ఆ నక్క ఎందుకలా చేసింది, నువ్వయితే ఏం చేసుందువు అన్నట్టు అడగడం, పిల్లవాడు రెండు మాటల్లో చెప్పినదాన్ని నిండు వాక్యంగా తిరిగి అనడం ఆ పద్ధతి. నెల రోజుల్లోనే ఆ పిల్లల మాట, మామూలుగా కథ విన్న పిల్లల మాట కన్నా స్పష్టంగా ముందుకు వెళ్లింది. సంభాషణాత్మక పఠనం అని పిలిచే ఈ పద్ధతికి పుస్తకం ఒక సాకు మాత్రమే. బియ్యం ఏరుతూ చెప్పే కథకు, సింహాచలం కొండ మెట్లెక్కుతూ చెప్పే కథకు కూడా అది అంతే బాగా పనిచేస్తుంది.

ఇక్కడే భాష ప్రశ్న వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఇంట్లో ఏటి, ఎలగ, అప్ప అంటారు. పుస్తకంలో ఏమిటి, ఎలా, అక్క అని ఉంటుంది. బడిలో పాఠం ఇంగ్లిషులో నడుస్తుంది. రైల్వే కాలనీల్లోనూ నౌకాదళ నివాసాల్లోనూ ఒడియా, హిందీ, బెంగాలీ, తమిళం ఇంటి భాషలైన పిల్లలకు ఇంకో మెట్టు ఎక్కువ. ఇంటి నుడికారం మోటుదని మందలించి పిల్లవాడిని సరిదిద్దడం మర్యాద నేర్పడం అనుకునే ఇళ్లున్నాయి గాని, మందలింపు వల్ల జరిగేది అతడు మాట్లాడడం మానుకోవడమే. ఈ వివాదం ఈ గడ్డకు కొత్తదేమీ కాదు. 20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర కోస్తా బడుల పరిశీలకుడు జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగు వేరు, పాఠ్యపుస్తకాల తెలుగు వేరు ఎందుకున్నాయని అడిగిన ప్రశ్న నుంచి, విశాఖలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి కలిసి నడిపిన వ్యావహారిక భాషోద్యమం ఊపందుకుంది. బడి పుస్తకాల భాషను ఇంటి మాటకు దగ్గర చేసే పోరాటానికి ఉత్తరాంధ్రే పుట్టిల్లు అయినప్పుడు, అదే ప్రాంతపు ఇళ్లలో ఇంటి మాటను చులకన చేయడం వింతగానే ఉంటుంది.

ఇంగ్లిషు మాధ్యమంలో చదివే పిల్లలతో ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడాలన్న తాపత్రయం కూడా అలాంటిదే. తల్లికి పూర్తిగా పట్టున్న భాషలో ఆమె వివరించగలదు, వాదించగలదు, నవ్వించగలదు. అరకొరగా వచ్చిన భాషలో ఆజ్ఞాపించగలదు అంతే. నీరు ఆవిరి కావడం, ఓడ ఉక్కుతో చేసినదైనా మునిగిపోకుండా తేలడం వంటి సంగతులు ఒక భాషలో బోధపడితే, రెండో భాషలో నేర్వవలసింది వాటి పేర్లు మాత్రమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులకు 2020–21 నుంచి ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మాధ్యమం విషయంలో ఎవరి అభిప్రాయం ఏదైనా, ఇంగ్లిషు రాని తల్లికి పిల్లవాడి పాఠంలోకి వెళ్లే దారి ఆ తెలుగు పేజీ. ముందుగా ఆ పేజీని కలిసి చదివి, తెలిసిన సంగతిని పక్క పేజీలో వెతుక్కోమంటే, బట్టీ పట్టిన ఇంగ్లిషు వాక్యం కన్నా అది గట్టిగా నిలుస్తుంది.

లెక్కల విషయంలో విశాఖ ఇళ్లకు ఊరి బజార్ల రూపంలో గొప్ప అనుకూలత ఉంది; దానిని వాడుకోవడమే తక్కువ. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో కొబ్బరిబోండాలు, పండ్లు అమ్మే పిల్లల మీద తెరెజిన్యా నూనెస్, ఆమె సహచరులు జరిపిన పరిశోధన 1985లో వెలువడింది. బేరం సాగుతున్నప్పుడు అడిగిన లెక్కల్లో ఆ పిల్లలు 98 శాతం సరిగా చెప్పారు. అవే లెక్కలను కాగితం మీద కూడికలు, గుణకారాలుగా ఇస్తే 37 శాతమే చేయగలిగారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు చేసి 2025లో ప్రచురించిన అధ్యయనంలో అదే కనిపించింది. పైగా దాని తిరగబడిన రూపం కూడా బయటపడింది. బడికి వెళ్లే పిల్లలు కాగితం మీది లెక్క చేశారు గాని, బజారులో చిల్లర లెక్క తేల్చలేకపోయారు. రెండు గణితాల మధ్య వంతెన లేదన్న మాట. ఆ వంతెన కట్టగల చోటు ఇల్లే.

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున సాగే వేలంపాట, పెదజాలరిపేట ఆడవాళ్లు గంపలో వంజరం, చందువ, కానాగంతలు పెట్టుకుని వీధుల్లో చెప్పే ధరలు, 1999లో మొదలైన రైతుబజార్లలో ఏ రోజుకారోజు కూరగాయల ధరలు రాసిపెట్టే బోర్డు, అన్నీ పాఠ్యపుస్తకాలే. కిలో వంకాయలు ఇంతయితే ముప్పావు కిలో ఎంత, వంద ఇస్తే తిరిగి ఎంత రావాలి అన్నది పిల్లవాడు నోటితో చెప్పాక, ఇంటికి వచ్చి దానినే కాగితం మీద ఎలా రాస్తారో చూపితే, అంకె వెనుక వస్తువు, వస్తువు వెనుక అంకె కనిపిస్తాయి. కాగితం మీది పని లేకుండా బజారు మాత్రమే ఉంటే సగమే లాభమని పై పరిశోధనలు హెచ్చరిస్తున్నాయి కనుక ఆ రెండో అంగను విడిచిపెట్టరాదు. 2002 నుంచి రామకృష్ణ బీచ్‌లో ప్రదర్శనకు ఉన్న కురుసుర జలాంతర్గామి పొడవు 91 మీటర్లు; తన అంగ ఎన్ని సెంటీమీటర్లో ఇంట్లో స్కేలుతో కొలుచుకున్న పిల్లవాడు దాని పక్కన నడిచి అంగలు లెక్కపెడితే, కొలతల పాఠం ఒక్క సాయంత్రంలో బోధపడుతుంది.

స్థాన విలువ, అంటే ఒకే అంకె తానున్న చోటును బట్టి ఒకట్లు, పదులు, వందలుగా మారడం, చిన్న తరగతుల గణితంలో చాలామంది పిల్లలు చిక్కుబడే ముడి. ఈ ముడిని విప్పడానికి తెలుగు సంఖ్యల పేర్లు ఎంతో తోడ్పడతాయి. ఇరవై మూడు, నలభై ఏడు అన్నప్పుడు పదులు ముందు, ఒకట్లు వెనుక, రాసిన వరుసలోనే వినిపిస్తాయి. పదమూడు, పదిహేడులలో కూడా పది ముందే ఉంటుంది. ఇంగ్లిషులో థర్టీన్, సెవెంటీన్ అన్నప్పుడు ఒకట్లు ముందుకు వస్తాయి, థర్టీన్‌కూ థర్టీకీ మధ్య చెవికి తేడా తక్కువ. హిందీలో నూరు వరకు దాదాపు ప్రతి సంఖ్య పేరునూ విడిగా గుర్తుంచుకోవాలి. ఇంగ్లిషు మాధ్యమం పిల్లలకు తెలుగు అంకెల పేర్లు రావడం లేదని చాలా ఇళ్లలో నవ్వుతూ చెప్పుకుంటారు. కాని అది నవ్వుకోవలసిన విషయం కాదు. చేతికి అందిన పనిముట్టును పారేసుకోవడం అది.

తల్లిదండ్రులకే చదువు రాకపోతే ఇదంతా ఎలాగన్న సందేహానికి కొన్ని ఆధారాలు సమాధానం చెబుతున్నాయి. బిహార్, రాజస్థాన్ పల్లెల్లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ తల్లులకు అక్షరాలు నేర్పే తరగతులు నడిపి, పిల్లలతో ఇంట్లో చేయించదగ్గ పనుల కాగితాలు ఇచ్చి చూసినప్పుడు, పిల్లల గణితంలో మెరుగుదల స్వల్పమే అయినా స్పష్టంగా కనిపించిందని 2017లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. పిల్లల చదువులో తల్లులు పాలుపంచుకోవడం కూడా పెరిగింది. పిల్లవాడు చదువుతున్నది సరో కాదో తెలియని తల్లి సైతం అతడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ దాటేశాడో వినగలదు. ఇప్పుడు చదివింది నాకు చెప్పు అని అడగగలదు. చెప్పలేకపోతే అతడికి అర్థం కాలేదని తెలుసుకోవడానికి ఆమెకు అక్షరం రావలసిన అవసరం లేదు. దూరంగా ఉండే తండ్రులకు కూడా మార్గం ఉంది. కోవిడ్ వల్ల బడులు మూతపడిన 2020లో బోట్స్వానా దేశంలో నాలుగున్నర వేల కుటుంబాలతో చేసిన ప్రయోగంలో, సంక్షిప్త సందేశంతో పాటు వారానికి ఒకసారి ఇరవై నిమిషాలలోపు ఫోన్‌లో తల్లిదండ్రులకూ పిల్లలకూ కలిపి ఒక లెక్క చెప్పినప్పుడు, పిల్లల ప్రాథమిక గణితం గణనీయంగా మెరుగుపడింది. సందేశం మాత్రమే పంపిన చోట ఫలితం లేదు. ఓడ మీది నుంచి మాట్లాడే తండ్రి బాగా చదువుతున్నావా అని అడిగి ఫోన్ పెట్టేసే బదులు, ఒక పేజీ చదివించుకుని వినవచ్చు.

షిఫ్టు ఇళ్లలో అసలు సమస్య సమయం తక్కువ కావడం కాదు. అది ప్రతి కొన్ని రోజులకు చోటు మారడం. సి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోతుంటే ఇంట్లో పిల్లలు గొంతు విప్పకూడదు, పైకి చదవకూడదు. బి షిఫ్టు రోజుల్లో అతడు వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. గడియారం వేళ ఒకటి పెట్టుకుని పాటించలేనప్పుడు, చదివే పనిని ఏదో ఒక నిత్యకృత్యానికి ముడివేయడం మేలు: బి షిఫ్టు వారంలో పిల్లవాడు బడికి వెళ్లేముందు తండ్రి టీ తాగేవేళ, సి షిఫ్టు వారంలో రాత్రి క్యారేజీ కట్టేవేళ, ఎ షిఫ్టు వారంలో అన్నం తిన్నాక. పావుగంట చాలు, రోజూ జరగడం ముఖ్యం. ఆ పావుగంట కోసం నిద్ర తగ్గించడం మాత్రం నష్టదాయకం, ఎందుకంటే ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరమని నిద్రపై పరిశోధించే వైద్యులు చెబుతున్నారు. అయినా అలసట తీర్చుకునే తండ్రి పక్కన పిల్లవాడు పదకొండు దాకా ఫోన్ చూడడం ఈ ఊళ్లో సాధారణమైపోయింది.

జాలరి కుటుంబాలకు క్యాలెండరే ఒక అవకాశం ఇస్తోంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. రాష్ట్రంలో వేసవి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. ఏడాది పొడవునా సముద్రం మీద ఉండే తండ్రి, ఏడాది పొడవునా బడిలో ఉండే పిల్లవాడు ఒకే కాలంలో ఇంట్లో ఉంటారు, వేసవిలో చదవడం మరిచిపోయి జూన్‌లో వెనకబడే ముప్పు కూడా అదే కాలంలో ఉంది. వలలు బాగుచేసుకునే చోట చేపల పేర్లు, గాలుల పేర్లు, తీరం మీది గుర్తుల పేర్లు తండ్రి చెబుతుంటే పిల్లవాడు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం ఉంటే, ఏ సెలవుల పనిపుస్తకమూ దానికి సాటి రాదు.

చదవడానికి పుస్తకాలు ఖరీదు పెట్టి కొనవలసిన అవసరం కూడా పెద్దగా లేదు. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. నేషనల్ బుక్ ట్రస్టు, మంచి పుస్తకం వంటి సంస్థలు పిల్లల పుస్తకాలను తక్కువ ధరకు తెలుగులో అందిస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో చదివే స్థాయిని బట్టి వేరుచేసిన తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో 2020లో మొదలుపెట్టిన ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం పాఠ్యపుస్తకేతర పఠనానికి చోటు కల్పించింది. పుస్తకం లేని పూట దుకాణాల బోర్డులు, సిటీ బస్సుల మీది ఊళ్ల పేర్లు చాలు.

కొన్ని ఇబ్బందులు ఇంటి ఓపికకు లొంగవు. బోర్డు మీది అక్షరాలు తప్పుగా ఎక్కించుకునే పిల్లవాడికి కళ్లజోడు అవసరం కావచ్చు. పిలిస్తే పలకని పిల్లవాడికి చెవిలో చీము ఉండవచ్చు. నగరంలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో, చెవి ముక్కు గొంతు ఆసుపత్రిలో ముందుగా ఆ పరీక్షలు చేయించాలి. చూపు, వినికిడి సరిగా ఉండి, తెలివితేటల్లో లోటు లేకున్నా, మూడో తరగతికి వచ్చాక కూడా మాటలు కూడబలుక్కోవడం దగ్గరే ఆగిపోతే, అది డిస్లెక్సియా, అంటే మెదడు అక్షరాన్నీ ధ్వనినీ జతపరచడంలో పుట్టుకతో వచ్చే ఇబ్బంది, కావచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీనిని నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ఇలాంటి పిల్లలను బద్ధకస్థులని కొట్టడం ఇప్పటికీ ఆగలేదు.

విద్యాహక్కు చట్టం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలని చెప్పింది. రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు జరిగాయి, 2025 జూలైలో మళ్లీ జరిగాయి. అలాంటి సమావేశానికి వెళ్లిన తల్లిదండ్రులు ఎన్ని మార్కులు వచ్చాయని, ఎన్నో ర్యాంకని అడిగి తిరిగి వస్తున్నారు. వచ్చే సమావేశంలో పిల్లవాడి చేత తాను ఇంతవరకు చూడని ఒక పేజీని ఉపాధ్యాయుడి ముందు చదివించి, ఎక్కడ ఆగుతున్నాడో, ఎందుకు ఆగుతున్నాడో ఇద్దరూ కలిసి వినమని కోరడం వారి హక్కు. ఆ ఒక్క కోరికతో వెళ్లండి.